150 మంది బ్యాచ్‌కి ఏ బోధన పద్ధతి? డెల్టా మెడికల్ కాలేజీల ఫ్యాకల్టీకి ఒక పోలిక

2019లో ఎంబీబీఎస్‌కి సామర్థ్యాల ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు, బోధన సమయంలో లెక్చర్లు మూడో వంతు మించకూడదన్నారు. మిగతాదంతా చిన్న గ్రూపులు, ప్రాక్టికల్స్, వార్డు పని, చర్చలతో నడవాలి. ఉద్దేశం మంచిదే. కానీ రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో మొదలైన ప్రభుత్వ కాలేజీల్లో బ్యాచ్‌కి 150 మంది. 1958 నుంచి నడుస్తున్న కాకినాడ రంగరాయలో అంతకన్నా ఎక్కువ. ఇంతమందిని చిన్న గ్రూపులు చేయాలంటే ఎన్ని గదులు కావాలి, ఎంతమంది ట్యూటర్లు కావాలి అన్న లెక్క ముందు వేసుకోవాలి. ఆ లెక్క వేయకుండా పేరు విని మొదలుపెట్టిన పద్ధతీ, బడ్జెట్ మురిగిపోతుందని కొన్న ఖరీదైన శిక్షణ బొమ్మా చివరికి మూలకే చేరతాయి.

కింది పోలికకు మేం పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. జవాబు తెలియకముందే విద్యార్థి తన నిర్ణయం బయటపెట్టాల్సి వచ్చిందా, లేదా? ఒకసారి "నేనైతే ఇది చేస్తాను" అని చెప్పేశాక, అది తప్పో ఒప్పో తేలేదాకా మనసు పాఠం మీదే ఉంటుంది. ఆ అవసరం కల్పించని పద్ధతి ఎంత కొత్తదైనా నాలుగో క్లాసుకి పాతబడుతుంది.

తేడా స్పష్టంగా కనబడాలంటే ఒకే పాఠాన్ని వేర్వేరు పద్ధతుల్లో పెట్టి చూడాలి. వరిచేలు, కొబ్బరితోటలు, కాలవగట్లు ఉన్న మన ప్రాంతానికి పాముకాటు కంటే తగిన పాఠం లేదు. సార్వా నాట్ల రోజుల్లో హౌస్ సర్జన్ ఒక్కడే క్యాజువాలిటీలో ఉన్నప్పుడు ఎదురయ్యే కేసు అది.

లెక్చర్ మానలేకపోతే: రంగు కార్డులు

టైమ్‌టేబుల్‌లో గంట మాత్రమే ఉంది, హాలు గ్యాలరీ, ఫ్యాకల్టీ ఒక్కరే. అలాంటప్పుడు లెక్చర్‌ని మధ్యమధ్యలో ఆపి ప్రశ్న వేయడమే దారి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ పాఠానికి వాడిన పద్ధతే ఇది. ఒక్కొక్కరికి నాలుగు రంగుల చార్టు ముక్కలు ఇవ్వండి: ఏ, బీ, సీ, డీ. పావుగంటకొక ప్రశ్న తెర మీద పెట్టండి. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత అందరూ ఒక్కసారే కార్డు ఎత్తాలి.

ఉదాహరణకి: నేల మీద పడుకున్న కూలీకి తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైంది, కనురెప్పలు వాలిపోతున్నాయి. ఒంటి మీద కాటు గుర్తు లేదు. రక్తాన్ని గాజు గొట్టంలో పోసి చూసే 20 నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టింది. యాంటీ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఇస్తారా?

చాలామంది "ఇవ్వను" కార్డే ఎత్తుతారు. కాటు కనబడలేదు, రక్తం బాగానే గడ్డకట్టింది కదా అన్నది వాళ్ల లెక్క. కట్లపాము కాటు గుర్తు కంటికి ఆనకపోవచ్చు, గడ్డకట్టే పరీక్ష రక్తపింజర లాంటి వాటి విషాన్నే పట్టిస్తుంది, రెప్పలు వాలడమే ఇక్కడ విషం ఎక్కిందనడానికి రుజువు. ఈ మూడు మాటలూ కార్డు ఎత్తాక చెబితే గుర్తుండిపోతాయి. ముందే స్లైడ్ మీద పెడితే నోట్స్‌లో ఒక వరస అవుతాయి, అంతే.

కార్డులు చూశాక ఏం చేయాలన్నదానికి స్థూలంగా ఒక లెక్క ఉంది. 30 శాతం కంటే తక్కువ మంది సరిగ్గా చెబితే పాఠం మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే రెండు మాటల్లో ముగించి ముందుకెళ్లాలి. మధ్యలో ఉంటే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ ఓటు వేయించాలి. జవాబు చెప్పేయాలన్న తొందర ఆ రెండు నిమిషాల్లోనే వస్తుంది, ఆపుకోవాలి. కార్డు తల మీదికి ఎత్తితే వెనక వరస వాళ్లు చూసి అదే రంగు ఎత్తుతారు. గుండెలకు ఆనించి పట్టుకోమనండి.

ఫోన్లో క్విజ్ యాప్ కూడా ఇదే పని చేస్తుంది, లెక్క తనే కడుతుంది. కాకపోతే చాలా యాప్‌లు వేగానికి పాయింట్లు ఇస్తాయి, పేర్ల వరస తెర మీద చూపిస్తాయి. ఆలోచించే పిల్లలు అక్కడ వెనకబడతారు, అడుగున పేరు పడ్డవాళ్లు మర్నాడు చేరరు. యాప్ వాడితే టైమర్, ర్యాంకులు రెండూ ఆపేసి వాడండి. హాల్లో నెట్‌వర్క్ సరిగా లేకపోతే కార్డులే నయం.

టీబీఎల్, పీబీఎల్: పేర్లు దగ్గర, ఖర్చు దూరం

సమస్య ఆధారిత అభ్యాసం, అంటే పీబీఎల్, 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ మెడికల్ స్కూల్లో మొదలైంది. టీమ్ ఆధారిత అభ్యాసం, టీబీఎల్, 1970ల చివర ఓక్లహామా యూనివర్సిటీలో ల్యారీ మైకెల్సన్ క్లాసు ఒక్కసారిగా పెద్దదైపోయినప్పుడు పుట్టింది. ఈ పుట్టుకల్లోనే తేడా ఉంది. ఒకటి చిన్న గ్రూపుల కోసం, రెండోది పెద్ద హాలు కోసం.

లెక్క వేసి చూడండి. పీబీఎల్‌కి గ్రూపుకి ఎనిమిది నుంచి పదిమంది. 150 మందికి కనీసం 15 గ్రూపులు, 15 గదులు, 15 మంది ట్యూటర్లు. ఒక్కో సమస్యకి మూడునాలుగు రోజుల తేడాతో రెండేసి గంటల సెషన్లు రెండు. మొత్తం 60 ట్యూటర్ గంటలు. అదే బ్యాచ్‌కి టీబీఎల్ రెండు గంటల సెషన్, ఒక ఫ్యాకల్టీ, ఇద్దరు ట్యూటర్లు: ఆరు గంటలు. ముందస్తు తయారీ టీబీఎల్‌కే ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఒకసారి రాసుకున్న ప్రశ్నలు చిన్న మార్పులతో వచ్చే ఏడూ పనికొస్తాయి.

పాముకాటు మీద టీబీఎల్ ఇలా నడుస్తుంది. వారం ముందు ఆరేడు పేజీల పాఠం ఇస్తారు: నాలుగు ముఖ్యమైన విషపాములు, వాటి కాటు లక్షణాలు, యాంటీ వెనమ్ మోతాదు, రియాక్షన్ వస్తే ఏం చేయాలి. ఆరుగురేసి 25 టీమ్‌లు. టీమ్‌లు ఫ్యాకల్టీయే వేయాలి, విద్యార్థులకి వదిలేస్తే హాస్టల్ రూమ్‌మేట్లంతా ఒక టీమ్ అవుతారు. ఆలిండియా కోటాలో వచ్చి తెలుగు రానివాళ్లు ఒకే టీమ్‌లో పడకుండా చూసుకోండి. టర్మ్ మొత్తం టీమ్‌లు మార్చొద్దు.

సెషన్‌లో మొదట పది ప్రశ్నలకి ఎవరికి వారు పది నిమిషాల్లో జవాబు రాస్తారు. అవే పది ప్రశ్నలు మళ్లీ టీమ్‌గా, ఇరవై నిమిషాలు. టీమ్ జవాబుకి విదేశాల్లో గీకుడు కార్డులు వాడతారు. ఇక్కడ ప్రింటు తీసిన షీటు మీద ప్రతి గడికీ చిన్న స్టిక్కరు అంటిస్తే చాలు, సరైన గడిలో చుక్క ఉంటుంది. మొదటి స్టిక్కరు తీయగానే చుక్క కనబడితే నాలుగు మార్కులు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి. ఆ స్టిక్కరు తీసే ముందు టీమ్‌లో నడిచే వాదనే అసలు పాఠం. ఏదైనా ప్రశ్న మీద అభ్యంతరం ఉంటే పుస్తకం చూపించి రాతపూర్వకంగా అప్పీలు చేసుకోవచ్చు. ఎక్కువ టీమ్‌లు తప్పిన ఒకటి రెండు అంశాల మీద పది నిమిషాల లెక్చర్, అంతకు మించొద్దు.

మిగిలిన గంట అన్వయానికి. లంక గ్రామం నుంచి పడవ దాటించి ఒక మనిషిని పీహెచ్‌సీకి తెచ్చారు. కాలు వాచింది, చిగుళ్ల నుంచి రక్తం, 20 నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టలేదు. పీహెచ్‌సీలో పది యాంటీ వెనమ్ వయల్స్ (చిన్న మందు సీసాలు) ఉన్నాయి, ఏరియా ఆస్పత్రికి ముప్పావు గంట ప్రయాణం. ఉన్న పదీ ఇక్కడే మొదలుపెట్టి పంపాలా, ఏమీ ఇవ్వకుండా త్వరగా పంపాలా, సగం ఇచ్చి సగం దాచాలా, మరో గంట చూడాలా? అన్ని టీమ్‌లూ ఒక్కసారే కార్డు ఎత్తాలి. ఇరవై ఒక్క టీమ్ ఒక రంగు, నాలుగు టీమ్‌లు ఇంకో రంగు ఎత్తితే ముందు ఆ నాలుగింటినే అడగండి. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని పదీ మొదలుపెట్టి పంపడమే సరైనదని తేలేలోపు హాల్లో నిద్రపోయేవాడు ఉండడు.

ఇది చెడేది మూడు చోట్ల. అన్వయం ప్రశ్నకి పుస్తకంలో ఒక్క వాక్యంలో జవాబుంటే రెండు నిమిషాల్లో చర్చ ఆరిపోతుంది. మొదటి పరీక్ష మార్కులు ఇంటర్నల్స్‌లో కొంతైనా కలవకపోతే ఎవరూ చదివి రారు. ఇక గ్యాలరీలో బెంచీలు కదలవు కాబట్టి ఆరుగుర్నీ ఒకే వరసలో కూర్చోబెడితే చివరి ఇద్దరికీ ఏమీ వినబడదు. ముందు వరసలో ముగ్గురు వెనక్కి తిరిగి, వెనక వరసలో ముగ్గురితో ముఖాముఖి కూర్చోవాలి.

అయితే పీబీఎల్ వద్దా? జవాబు ఒక్కటి లేని సమస్యలకి అదే కావాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛ వచ్చి పడిపోయిన సంఘటన తీసుకోండి. నీళ్లా, గాలా, కూరగాయలా, వైరసా? ఏ నమూనాలు ఎక్కడికి పంపాలి? రోగుల నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయన్న కాగితాన్ని రెండో సెషన్‌లో మాత్రమే ఇస్తే, మొదటి సెషన్ ఊహలన్నీ మళ్లీ తిరగేయాల్సి వస్తుంది. కమ్యూనిటీ మెడిసిన్, ఫార్మకాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒక్కచోట కలుస్తాయి. ఇలాంటివి ఏడాదికి రెండు చాలు, అన్ని డిపార్ట్‌మెంట్ల ట్యూటర్లనూ కలిపి. పీబీఎల్‌కి శత్రువు ట్యూటరే. పావుగంట నిశ్శబ్దం భరించలేక లెక్చర్ అందుకుంటారు. ప్రశ్న తప్ప వాక్యం మాట్లాడకూడదన్న నియమం పెట్టండి. సమస్య కాగితాలు కూడా సెషన్ చివర వెనక్కి తీసుకోవాలి, లేకపోతే వచ్చే బ్యాచ్‌కి సీనియర్ల దగ్గరే జవాబులు దొరుకుతాయి.

పాఠం ముందే వీడియోలో చూసొచ్చి క్లాసులో చర్చించే ఫ్లిప్డ్ క్లాసు గురించి పెద్దగా చెప్పేది లేదు. వీడియో పది నిమిషాలు దాటకూడదు, హాలు గుమ్మం దగ్గర మూడు ప్రశ్నల చీటీ రాయించుకోవాలి. ఆ చీటీ లేని ఫ్లిప్డ్ క్లాసు వారానికే మామూలు లెక్చర్ అయిపోతుంది. టీబీఎల్ పెట్టుకున్న డిపార్ట్‌మెంట్‌కి ఇది విడిగా అక్కర్లేదు.

చేతి పని: పెద్ద బొమ్మా, చిన్న బొమ్మా?

డబ్బున్న కాలేజీ మొదట కొనేది ఊపిరి పీల్చి, కళ్లార్పి, మాట్లాడే సిమ్యులేటర్. అది టీమ్‌గా ఎమర్జెన్సీ నడపడం నేర్పడానికి మంచిది, పీజీలకీ హౌస్ సర్జన్లకీ. ఎంబీబీఎస్ విద్యార్థికి సూది పట్టుకోవడం, కుట్టు వేయడం, ఛాతీ నొక్కడం నేర్పడానికి అది అనవసరం. అదే డబ్బుతో మామూలు సీపీఆర్ బొమ్మలు చాలా వస్తాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఇది సరిగా పడిందో లేదో క్లిక్ శబ్దంతో చెప్పే బొమ్మ చాలు. ఆరుగురికి ఒక బొమ్మ ఉండాలి. పాతికమందికి ఒకటి ఉంటే నలుగురు చేస్తారు, మిగతావాళ్లు ఫోన్ చూస్తారు.

కొన్నింటికి కొనాల్సిన పనే లేదు. రావులపాలెం మార్కెట్ ఉన్న జిల్లాలో అరటితొక్కకు కరువా? పండీపండని అరటిపండు తొక్క మీద కుట్టు నేర్పండి. సూది దాని వంపు ప్రకారం తిరగకపోతే, లేదా ముడి గట్టిగా లాగితే తొక్క చిరుగుతుంది. తప్పు ఎక్కడో తొక్కే చూపిస్తుంది. ఐవీ క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) నేర్పడానికి రెండంగుళాల ఫోమ్‌లో గాడి కోసి పలచటి లాటెక్స్ గొట్టం పెట్టి, పైన రబ్బరు గ్లవ్ పొరలు రెండు పరిచి బిగించండి. ఎర్ర సిరా కలిపిన నీళ్ల సెలైన్ సీసాని రెండడుగుల ఎత్తున వేలాడదీసి గొట్టానికి తగిలిస్తే సూది సరిగ్గా దిగినప్పుడు క్యాన్యులాలోకి ఎరుపు వస్తుంది. మామూలు సెలైన్ సెట్ గొట్టం గట్టిగా ఉంటుంది, సూది లోపలికి దిగిన స్పర్శ చేతికి తెలియదు. పొడిచిన చోటే పొడిస్తే కారుతుంది కాబట్టి ప్రతి బ్యాచ్‌కీ గొట్టాన్ని కాస్త జరపండి.

నేర్పే తీరు బొమ్మకన్నా ముఖ్యం. చేతి పని నేర్పడానికి పేటన్ అనే వైద్యుడు చెప్పిన నాలుగు మెట్లు దీనికి సరిపోతాయి. 20 నిమిషాల గడ్డకట్టే పరీక్షనే తీసుకోండి. మొదటి మెట్టులో ఫ్యాకల్టీ మాట్లాడకుండా మామూలు వేగంతో చేస్తారు: ఒప్పుకున్న వాలంటీరు నుంచి తాజా రక్తం 2 మి.లీ. తీసి, కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, కదలకుండా నిలబెట్టడం. రెండో మెట్టులో కారణాలు చెబుతూ చేస్తారు. గాజే ఎందుకంటే రక్తం గడ్డకట్టే క్రమం గాజు తగిలితే మొదలవుతుంది. ప్లాస్టిక్‌లో ఆలస్యం కావచ్చు, సబ్బుతో కడిగిన గాజులో అసలు పరీక్షే తప్పు కావచ్చు. మూడో మెట్టులో విద్యార్థి ఒక్కో అడుగూ చెబుతుంటే ఫ్యాకల్టీ అతను చెప్పిందే చేస్తారు. "గొట్టంలో పోయండి" అంటే ఏ గొట్టమో అడక్కుండా పక్కనున్న ప్లాస్టిక్‌దే తీసుకోండి. ఎవరో ఒకరు అరుస్తారు, ఆ తప్పు ఇక చేయరు. నాలుగో మెట్టులో విద్యార్థి చెబుతూ తనే చేస్తాడు.

గొట్టం నిలబడి ఉన్న ఇరవై నిమిషాలూ ఖాళీగా ఉండకూడదు. గడువు తీరిన యాంటీ వెనమ్ వయల్స్ పారేయకుండా దాచుకుంటే, పొడిని 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌తో కరిగించడం అప్పుడే నేర్పవచ్చు. గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి. పది వయల్స్ కరిగించడానికి ఎంత సేపు పడుతుందో చేతులతో తెలుసుకున్నవాడు, కేసు వచ్చినప్పుడు సిస్టర్‌ని ముందే సాయం అడుగుతాడు.

సముద్రం దగ్గర గాలి తేమ బొమ్మలకి చేటు. కడిగిన ముఖం తొడుగులు నీడలో పూర్తిగా ఆరకముందే పెట్టెలో పెడితే బూజు పడుతుంది. వేసవి సెలవుల్లో బ్యాటరీలు లోపలే వదిలేస్తే తుప్పు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి, బాధ్యత ఒక టెక్నీషియన్ పేరున రాసి ఉంచండి.

వీఆర్ కళ్లజోళ్లు, డిజిటల్ అనాటమీ టేబుల్ ఇంకా దూరం. కడావర్లు (కోసి నేర్చుకునే మృతదేహాలు), మోడళ్లు, ట్యూటర్లు చాలినంత ఉన్న కాలేజీ అదనంగా కొనుక్కోవచ్చు. వాటికి బదులుగా కొనకూడదు.

వార్డులో

పదిమంది ఒక మంచం చుట్టూ నిలబడితే ముగ్గురికే రోగి కనబడతాడు. పోస్టింగ్ బ్యాచ్‌ని నలుగురేసిగా చీల్చి ఒక్కో మంచం దగ్గర పంపి, అరగంట తర్వాత ఒక్కో గుంపు దగ్గరికీ వెళ్లడం మొదటి సవరణ. రెండోది, అడిగే తీరు. 1992లో వచ్చిన వన్ మినిట్ ప్రిసెప్టర్ పద్ధతిలో ఐదు పనులు: ఏమనుకుంటున్నావో చెప్పించడం, ఎందుకో అడగడం, ఒక సాధారణ సూత్రం నేర్పడం, సరిగ్గా చేసింది పేరు పెట్టి మెచ్చుకోవడం, తప్పు దిద్దడం. "బాగా చేశావు" అంటే మెచ్చుకున్నట్టు కాదు. "రెప్పలు వాలాయేమో పైకి చూడమని చెప్పి పరీక్షించావు, అది మంచి పని" అనాలి.

2003 నాటి స్నాప్స్ పద్ధతిలో పగ్గాలు విద్యార్థి చేతిలో ఉంటాయి. కేసు క్లుప్తంగా చెప్పి, రెండు మూడు జబ్బులకి కుదించి, పోల్చి, తనకి తెలియనిది తనే అడిగి, ప్లాన్ చెప్పి, చదవాల్సింది ఎంచుకుంటాడు. మూడో ఏడాది విద్యార్థికి ఇది బరువు, వన్ మినిట్ చాలు. హౌస్ సర్జన్లకీ పీజీలకీ స్నాప్స్ పెట్టండి, దాళ్వాలో పురుగుమందు కేసులు వరసగా వచ్చే రాత్రుల్లో ఫ్యాకల్టీకి సమయం మిగిలేదీ దానివల్లే. ఏ పద్ధతైనా రోగి భవిష్యత్తు గురించి వాదన మంచం దగ్గర వద్దు, వరండాలోకి వచ్చాకే.

మాట నేర్పడం

మాట తీరు నేర్పే పాఠాలని చాలాచోట్ల స్లైడ్‌లతో ముగిస్తున్నారు. అది వృథా. దీనికి రోల్ ప్లే తప్ప దారి లేదు. రోగి పాత్రకి సహవిద్యార్థిని పెడితే నవ్వులాటవుతుంది. రిటైరైన టీచర్లు, నాటకాలు వేసే అలవాటున్నవాళ్లు మన ఊళ్లలో కొదవ లేదు. ఒక పేజీ పాత్ర రాసిచ్చి, గంట సాధన చేయించి, గౌరవంగా ఎంతో కొంత ముట్టజెప్పండి. పాత్రలో ఒక చిక్కు దాచాలి: పాముకాటుకి ముందు పసరు వైద్యం చేయించామని, అడిగితే తప్ప చెప్పని భర్త. విద్యార్థి చెప్పిందానికల్లా "ఆయ్, అలాగేనండి" అని తలూపే పెద్దాయన. "ఇంటికెళ్లాక మందు ఎలా వేసుకుంటారో మీరు నాకోసారి చెప్పండి బాబాయిగారూ" అని విద్యార్థి అడిగాడా లేదా అన్నది చెక్‌లిస్టులో మొదటి వరస. ఎనిమిది నిమిషాలు మాట, పది నిమిషాలు చర్చ. చర్చలో మొదట రోగి పాత్రధారి తనకేమనిపించిందో చెప్పాలి, ఫ్యాకల్టీ చివర్న.

విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని గమనించే కుటుంబ దత్తత కార్యక్రమంలో ఊరికి పంపినప్పుడు కూడా ఫారాలు నింపించి తీసుకొస్తే విసుగే మిగులుతుంది. ఒక్క ప్రశ్న ఇచ్చి పంపండి. ఫైలేరియా మాత్రలు పంచిన ఊరైతే, ఇంటికి అందాయా అని కాదు, పంచినవాళ్ల ఎదుటే మింగారా అని. బస్సెక్కేముందే ఎంత శాతం మింగి ఉంటారో ప్రతి విద్యార్థీ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఫ్యాకల్టీ తక్కువున్న కొత్త కాలేజీ రంగు కార్డులతో మొదలుపెట్టి, రెండో టర్మ్‌లో ఒక్క పాఠానికి టీబీఎల్ రాసుకోవడం మంచిది. ట్యూటర్లు, పీజీలు దండిగా ఉన్న పాత కాలేజీ టీబీఎల్‌తో పాటు ఏడాదికి రెండు పీబీఎల్‌లు భరించగలదు. స్కిల్ ల్యాబ్ డబ్బు ముందు చిన్న బొమ్మలకీ, వాటిని చూసుకునే మనిషికీ వెళ్లాలి.

పనిచేసిందో లేదో ఫీడ్‌బ్యాక్ ఫారం చెప్పదు, సరదాగా గడిచిన ప్రతి క్లాసుకీ విద్యార్థులు మంచి మార్కులే ఇస్తారు. బ్యాచ్‌ని రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు లెక్చర్, ఇంకో సగానికి కొత్త పద్ధతి పెట్టండి. నాలుగు వారాల తర్వాత చెప్పకుండా ఎనిమిది ప్రశ్నలు ఇవ్వండి. కనీసం నాలుగు ప్రశ్నలు కేసు రూపంలో ఉండాలి. జవాబులు వచ్చాక లెక్చర్ మాత్రమే విన్న సగానికి కూడా ఆ కొత్త సెషన్ పెట్టడం మరిచిపోవద్దు.